బిల్డ్ బాధ్యత మీ నెత్తిన పడితే

బిల్డ్‌ను, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే ప్రక్రియను, చూసుకునే పనిని కోరి తెచ్చుకున్నవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. నాకూ అంటుకున్నదే. పన్నెండేళ్ల కిందట ఒక మేక్‌ఫైల్‌లో, అంటే ఏ ఫైలును దేనినుంచి ఎలా తయారుచేయాలో మేక్ అనే పనిముట్టుకు చెప్పే ఫైలులో, ఒకే ఒక్క లైను సరిచేశాను. ట్యాబ్ ఉండాల్సిన చోట నాలుగు స్పేస్‌లు ఉన్నాయి, అంతే. మేక్ "మిస్సింగ్ సెపరేటర్" అని ఒక ముక్క చెప్పి ఆగిపోతుంటే నలుగురు ఇంజనీర్లు ఒక పూటంతా తలలు పట్టుకున్నారు. (స్పేస్‌లు ఎనిమిది ఉంటే, ట్యాబ్ పెట్టబోయి ఇవి పెట్టారా అని, మేక్‌లో ఒక రకమైన గ్నూ మేక్ అడుగుతుంది. నాలుగు ఉంటే ఆ దయ చూపదు.) నేను దిద్దిన మరుక్షణం నుంచి ఆ ఫైలు నాదైపోయింది. ఎవరి కంప్యూటర్‌లో ఏది కంపైల్ కాకపోయినా, అంటే కోడ్ మెషీన్ భాషలోకి మారకపోయినా, నన్నే పిలిచేవారు.

మీరూ ఇలాగే ఇరుక్కుని ఉంటే ఇది మీ కోసం. నా ఉదాహరణలు ఎక్కువగా సి భాష, మేక్ చుట్టూ తిరుగుతాయి, దెబ్బలు నాకు అక్కడే తగిలాయి కాబట్టి. వేరే పనిముట్టు వాడుతున్నా జబ్బులు మాత్రం ఇవే.

ముందు ఒక చిట్టా తెరవండి

బిల్డ్ మొరాయిస్తే అందరూ చెప్పే సలహా ఒకటే: "మేక్ క్లీన్ కొట్టి మళ్లీ చెయ్యి." పనిచేస్తుంది కూడా. అందుకే అది ప్రమాదం. ఏ ఫైలు దేని మీద ఆధారపడి ఉందో బిల్డ్‌కు సరిగ్గా తెలిస్తే, ఉన్నవన్నీ చెరిపి మొదటినుంచి మొదలుపెట్టాల్సిన అవసరమే రాదు. క్లీన్ కొట్టాక బాగైంది అంటే, మీ బిల్డ్ ఎక్కడో అబద్ధం చెబుతోందని అర్థం. ఆ అబద్ధం అక్కడే ఉంటుంది, రేపు మళ్లీ పలుకుతుంది.

నేను చేసిన మొదటి పని, క్లీన్ టార్గెట్‌లోనే (మేక్‌ను తయారుచేయమని అడిగే ఫైలును లేదా పనిని టార్గెట్ అంటారు) ఒక చిన్న ప్రశ్న చేర్చడం: "ఎందుకు?" జవాబు ఒక ఫైలులో తేదీతో సహా పడుతుంది. ఎంటర్ కొట్టి వదిలేసినా పరవాలేదు, ఎవరినీ ఆపదు. ఒక నెలలో 61 నమోదులు వచ్చాయి. "హెడర్ మార్చాను, ఎర్రర్ వస్తోంది." "బ్రాంచ్ మారాను." "నిన్న పనిచేసింది." మరొకటి, "దేవుడికే తెలియాలి." ఏది ముందు బాగుచేయాలో నాకు చెప్పింది ఆ చిట్టాయే. 23 నమోదుల్లో హెడర్ (చాలా కోడ్ ఫైళ్లు కలిపి వాడుకునే ఉమ్మడి ఫైలు) అన్న మాట ఉంది, కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాను. అంతకుముందు నేను మొదలుపెట్టాలనుకున్నది, కంపైలైన ముక్కలను ఒక ప్రోగ్రాముగా అతికే లింకర్ వేగంతో. దాని గురించి చిట్టాలో ఒక్కరూ అనలేదు.

చిట్టా నిండేలోగా ఇంకో పని చేయండి. ఏమీ లేని కొత్త మెషీన్ మీద, లేదా ఖాళీ కంటైనర్‌లో (మెషీన్ లోపలే మిగతావాటికి విడిగా నడిచే వాతావరణంలో), కోడ్‌ను తాజాగా దించి బిల్డ్ చేయండి. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి, ఇంకా ఏదీ దిద్దకండి. నాకు పద్నాలుగు చోట్ల ఆగింది. ఒక స్క్రిప్టుకు కావాల్సిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకే ఒక్క సహోద్యోగి షెల్ ఫైలులో ఉంది. ఒక లైబ్రరీ, ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి హోమ్ ఫోల్డర్‌లోంచి వస్తోంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఇంతవరకూ అందరూ తలా ఒక లైను చేర్చి పోయినవాళ్లే. నెలకు ఒకసారైనా ఇలా ఖాళీ మెషీన్ మీద నడపడం ఆ తర్వాత అలవాటు చేసుకున్నాను.

రెండుసార్లు నడపండి

పూర్తి బిల్డ్ అయ్యాక, ఏ ఫైలునూ ముట్టుకోకుండా వెంటనే మళ్లీ నడపండి. రెండోసారి ఒక్క పని కూడా జరగకూడదు. ఇంత చిన్న పరీక్షలో నెగ్గిన బిల్డులను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఏదో ఒకటి మళ్లీ నడిచిందంటే, ఎందుకు నడిచిందని పనిముట్టునే అడగండి. గ్నూ మేక్‌లో 4.0 నుంచి, అంటే 2013 నుంచి, ట్రేస్ అనే ఆప్షన్ ఉంది. ప్రతి ఆదేశానికీ ముందు, ఏ లైనులోని రూలు వల్ల, ఏది కొత్తదైనందువల్ల ఇది నడుస్తోందో ముద్రిస్తుంది. మేక్ లాంటిదే మరో పనిముట్టు నింజాలో దీనికి ఎక్స్‌ప్లెయిన్ అనే డీబగ్ మోడ్ ఉంది. నేను మొదట్లో ఇవి తెలియక మేక్‌ఫైల్‌ను కళ్లతో చదివి ఊహించేవాణ్ణి. మూడు వేల లైన్ల ఫైలును ఊహతో చదవడం వృథా ప్రయాస.

కారణాలు ఎక్కువగా నాలుగైదు రకాలే. రూలులో రాసిన పేరు ఒకటి, అది నిజంగా సృష్టించే ఫైలు పేరు ఇంకొకటి. దాంతో ఆ టార్గెట్ ఎప్పటికీ లేనట్టే లెక్క. లేదా అసలు ఫైలు ఒకటి, ఫోనీ టార్గెట్ మీద, అంటే ఫైలు కాని ఉత్త పేరు మీద, ఆధారపడుతోంది. లేదా ఒక ఫోల్డర్‌నే డిపెండెన్సీగా, అంటే టార్గెట్ ఆధారపడేదిగా, రాశారు. ఫోల్డర్‌లో కొత్త ఫైలు పుట్టినా, ఉన్నది పోయినా ఫోల్డర్ సమయం మారుతుంది, మేక్ దాన్ని చూసి అంతా పాతబడింది అనుకుంటుంది. ఫోల్డర్ పేరును నిలువు గీత తర్వాత రాస్తే, అది ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, సమయం పట్టించుకోదు.

మాకు తగిలింది ఇంకో రకం. వెర్షన్ నంబరుతో ఒక హెడర్‌ను ప్రతి బిల్డ్‌లోనూ స్క్రిప్ట్ కొత్తగా రాసేది. విషయం అదే, సమయం కొత్తది. దాన్ని వాడుకునే 200 పైచిలుకు ఫైళ్లు ప్రతిసారీ మళ్లీ కంపైల్ అయ్యేవి. మందు సులువు: స్క్రిప్ట్ ముందు తాత్కాలిక ఫైలులో రాయాలి, పాతదానితో పోల్చాలి, తేడా ఉంటేనే దాన్ని మార్చాలి. ఆరు లైన్ల పని. ఒక్క ఫైలు మార్చి బిల్డ్ చేస్తే పదకొండు నిమిషాలు పట్టేది నలభై సెకన్లకు వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో అంత తక్కువ కోడ్‌కు అన్ని కృతజ్ఞతలు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఒక్క ఫైలును తాకి చూడండి

రెండో పరీక్ష దీనికి తిరగేసినది. ఒక హెడర్ సమయాన్ని టచ్ ఆదేశంతో మార్చి బిల్డ్ నడపండి. దాన్ని వాడే ఫైళ్లన్నీ కంపైల్ కావాలి, వాడనివి కాకూడదు. ఎక్కువైతే కాలం వృథా. తక్కువైతే నేను పడ్డ గోతిలో పడతారు.

ఆ గొయ్యి ఇది. మా ప్రోగ్రాములో, ఒక సందేశం వివరాలను పట్టి ఉంచే స్ట్రక్ట్‌లో (కొన్ని విలువలను వరుసగా ఒకచోట పేర్చే కట్టలో) 'పొడవు' అనే ఫీల్డ్ ఉండేది. దాని ముందు నాలుగు బైట్ల 'వెర్షన్' ఫీల్డ్ ఒకటి చేర్చాం. ఆ హెడర్‌ను వాడే ఫైళ్లు పందొమ్మిది. పద్దెనిమిది మళ్లీ కంపైల్ అయ్యాయి. లాగ్ రాసే ఫైలు కాలేదు, ఎందుకంటే మేక్‌ఫైల్‌లో దాని రూలు పక్కన ఈ హెడర్ పేరు ఎవరూ రాయలేదు. దాని పాత ఆబ్జెక్ట్ ఫైలే (కంపైల్ చేస్తే పుట్టే ఫైలు) లింక్ అయిపోయింది. పాత లెక్క ప్రకారం పొడవు ఉండాల్సిన చోట ఇప్పుడు వెర్షన్ కూర్చుంది. దాని విలువ 2. లాగ్‌లో పడే ప్రతి సందేశమూ రెండు అక్షరాల దగ్గర తెగిపోయేది.

అనుమానం వచ్చి ఆ ఫైలులో ఒక ప్రింట్ వాక్యం పెట్టాను. బగ్ మాయం. తీసేశాను. అప్పుడూ లేదు. ఫైలును తాకినందువల్ల అది కొత్తగా కంపైల్ అయిందని అప్పటికి తట్టలేదు. ఇదేదో మెమొరీ సమస్య, ప్రింట్ పెడితే చోటు మారి దాక్కుంటోంది అని తీర్మానించి, పక్క మనిషి కంప్యూటర్‌లో అదే బగ్‌ను వెంటాడాను. అక్కడా ప్రింట్ పెట్టగానే మాయం. ఇలా మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం ఆబ్జెక్ట్ ఫైళ్ల తేదీలు వరుసగా చూస్తుంటే, ఒకటి మాత్రం వారం కిందటిది కనిపించింది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాయడానికి కారణం అచ్చంగా ఇదే బాధ. పార్సర్లను పుట్టించే యాక్ అనే పనిముట్టును రాసిన స్టీవ్ జాన్సన్ ఒకరోజు ఆయన గదిలోకి తిట్టుకుంటూ వచ్చారట. తప్పు అప్పటికే దిద్దేశారు, ఆ ఫైలు మాత్రం మళ్లీ కంపైల్ కాలేదు. సరిగ్గా ఉన్న ప్రోగ్రామును ఉదయమంతా డీబగ్ చేస్తూ కూర్చున్నారు. ఆ జబ్బుకు మందుగా పుట్టిన పనిముట్టు చేతిలో ఉండి నేను మూడు రోజులు అదే జబ్బుతో తీసుకున్నాను. ట్యాబ్ కూడా అప్పటిదే. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా వాడడం మొదలుపెట్టారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్ల ఫైళ్లు చెడిపోతాయని ఫెల్డ్‌మన్ దాన్ని మార్చలేదు. ఆ డజను మంది మొహమాటానికి మనమందరం ఇప్పటికీ చెల్లిస్తున్నాం.

మందు: హెడర్ల పేర్లను చేత్తో రాయడం ఈ రోజే మానేయండి. ఏ ఫైలు ఏ హెడర్‌ను తెరిచిందో కంపైలర్‌కు తెలుసు, దాన్నే రాయమనండి. జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లకు ఎంఎండి అనే ఆప్షన్ ఇస్తే ప్రతి ఆబ్జెక్ట్ ఫైలు పక్కన ఒక చిన్న డిపెండెన్సీ ఫైలు పుడుతుంది. వాటిని మేక్‌ఫైల్ చివర ఇన్‌క్లూడ్ చేయాలి. ఇన్‌క్లూడ్ ముందు మైనస్ గుర్తు పెట్టడం మరవకండి, మొదటి బిల్డ్‌లో ఆ ఫైళ్లు ఇంకా ఉండవు. దానితోపాటు ఎంపి ఆప్షన్ కూడా ఇవ్వండి. అది లేకపోతే, రేపు ఒక హెడర్‌ను తొలగించిన రోజున "దీన్ని తయారుచేసే రూలు లేదు" అని బిల్డ్ ఆగిపోతుంది, మళ్లీ అందరూ క్లీన్ కొడతారు.

సి కాని స్క్రిప్టులు, కోడ్ పుట్టించే జనరేటర్లు ఏ ఫైళ్లు చదువుతున్నాయో ఎవరూ చెప్పరు. లినక్స్‌లో, ప్రోగ్రాము సిస్టమ్‌ను ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ కింద నడిపి, ఫైళ్లు తెరిచే ఓపెన్‌యాట్ పిలుపులను మాత్రం చూడండి. మా జనరేటర్ ఒకటి, ఎవరికీ తెలియకుండా రెండు ఫోల్డర్ల అవతలి కాన్ఫిగరేషన్ ఫైలును చదువుతూ దొరికింది.

కంపైలర్ ఆప్షన్లు మార్చినా మేక్‌కు తెలియదు. అది చూసేది ఫైళ్ల సమయాలనే. ఆప్టిమైజేషన్ (ప్రోగ్రాము వేగంగా నడిచేలా కంపైలర్ చేసే మార్పులు) మార్చి బిల్డ్ చేస్తే సగం ఫైళ్లు పాత ఆప్షన్లతో, సగం కొత్తవాటితో ఉంటాయి. ఆప్షన్లన్నిటినీ ఒక ఫైలులో, మారితేనే కొత్తగా రాసేలా ఉంచి, ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ దాని మీద ఆధారపడేలా చేయండి. నింజాకు ఈ బాధ లేదు, కిందటిసారి ఏ ఆదేశంతో కట్టిందో గుర్తుపెట్టుకుంటుంది.

పదిసార్లలో ఒకసారి విఫలమయ్యే బిల్డ్

ఇది అన్నిటికన్నా మనుషులను ఎక్కువ విసిగిస్తుంది. ఒక ఫైలు జనరేట్ అయ్యే హెడర్‌ను వాడుతుంది, ఆ సంగతి రూలులో లేదు. ఒకేసారి ఒక పని చేస్తే వరుస కలిసొస్తుంది. ఎనిమిది పనులు సమాంతరంగా నడిపితే, ఒక్కోసారి హెడర్ పుట్టకముందే ఆ ఫైలు కంపైల్‌కు వెళుతుంది. మళ్లీ నడిపితే హెడర్ అప్పటికే ఉంటుంది కాబట్టి అంతా సవ్యం. "సర్వర్‌లో ఏదో అయింది, మళ్లీ నడుపు" అంటారు. నాకు అప్పగించిన మేక్‌ఫైల్‌లో ఎవరో సమాంతరాన్నే పూర్తిగా ఆపేసి, పక్కన "దీన్ని ముట్టుకోవద్దు" అని రాసి వెళ్లారు. పదహారు కోర్ల మెషీన్ మీద ఒక్క కోరే పనిచేస్తూ ఏళ్లు గడిచాయి.

ఇలాంటివాటిని అదృష్టానికి వదిలేయకుండా పట్టే దారి ఉంది. గ్నూ మేక్ 4.4లో, 2022లో, షఫుల్ అనే ఆప్షన్ వచ్చింది. డిపెండెన్సీల వరుసను కావాలనే కలగాపులగం చేసి నడుపుతుంది. విఫలమైతే ఏ సంఖ్యతో కలిపిందో ఎర్రర్‌లోనే చెబుతుంది. అదే సంఖ్య ఇచ్చి అదే వరుసను మళ్లీ తెప్పించుకోవచ్చు. రాత్రంతా తిరగేసి నడిపితే మాకు తొమ్మిది తప్పులు బయటపడ్డాయి. ప్రతిదానికీ మందు ఒక్క లైనే, మరచిపోయిన డిపెండెన్సీని రాయడం.

అందులో ఒకటి కొంచెం మాయదారిది. ఒకే ఆదేశం రెండు ఫైళ్లను, ఒక సి ఫైలును, ఒక హెడర్‌ను పుట్టిస్తుంది. రూలులో ఎడమవైపు రెండు పేర్లూ రాసేశారు. చదివితే బాగానే ఉంటుంది గాని మేక్ దాన్ని రెండు వేర్వేరు రూల్స్‌గా చూస్తుంది, సమాంతరంగా అయితే ఆ ఆదేశాన్ని ఒకేసారి రెండుసార్లు నడుపుతుంది. ఇద్దరు ఒకే ఫైలు మీద రాస్తారు. గ్నూ మేక్ 4.3 నుంచి కోలన్ ముందు ఆంపర్సాండ్ పెడితే అది ఒకే గుంపుగా నడుస్తుంది.

ఇది చూస్తున్నప్పుడే డిలీట్ ఆన్ ఎర్రర్ అనే ప్రత్యేక టార్గెట్‌ను కూడా చేర్చేయండి. ఆదేశం మధ్యలో విఫలమైతే సగం రాసిన ఫైలు అలాగే ఉండిపోతుంది, దాని సమయం కొత్తది కాబట్టి తర్వాతి బిల్డ్ అదే సరైనదని నమ్ముతుంది. మీరే కంట్రోల్ సి కొట్టి ఆపితే మేక్ ఆ ఫైలును తీసేస్తుంది, ఎర్రర్ వస్తే మాత్రం ఈ టార్గెట్ లేనిదే తీయదు. ఇదే ఎందుకు మామూలు పద్ధతి కాలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నెట్‌వర్క్ డ్రైవ్ మీద బిల్డ్ చేస్తూ క్లాక్ స్క్యూ హెచ్చరిక వస్తుంటే నవ్వి వదిలేయకండి. సర్వర్ గడియారం, మీ గడియారం కలవనప్పుడు సమయాలను పోల్చే పనిముట్టు చెప్పే ఏ మాటా నమ్మదగ్గది కాదు. గడియారాలు సరిచేయించండి, లేదా స్థానిక డిస్క్ మీదకు మారండి.

బయటినుంచి వచ్చేవి

2016 మార్చిలో, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, దాని పేరు కూడా విననివాళ్ల బిల్డులు ప్రపంచమంతటా కూలాయి. అప్పటినుంచి, ప్రతి ప్యాకేజీ ఏ వెర్షన్ కావాలో ఖరారు చేసే లాక్ ఫైలు పెట్టండి అని చెప్పడానికి నాకు వాదన అక్కర్లేకుండా పోయింది. లాక్ ఫైలును కోడ్‌తోపాటే చెక్ ఇన్ చేయండి. దించుకునే ప్రతి ఆర్కైవ్‌కూ హ్యాష్ (లోపలి విషయం మారితే మారిపోయే గుర్తు) సరిచూడండి. ముఖ్యమైనవాటి నకలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. కంటైనర్ ఇమేజ్‌ను (కంటైనర్‌ను నిలబెట్టే అచ్చును) 'లేటెస్ట్' అన్న ట్యాగ్‌తో తెచ్చుకోకండి; నిన్నటి లేటెస్ట్, నేటి లేటెస్ట్ ఒకటి కావు. కంపైలర్ వెర్షన్‌ను కూడా ఇలాగే కట్టిపడేయాలి, చాలామంది మరచిపోయేది దాన్నే.

కొత్త పనిముట్టు మీద మోజు

ఇంతలో ఎవరో ఒకరు "ఇదంతా సీమేక్‌కు మార్చేద్దాం" అంటారు, లేదా 2015లో ఓపెన్ సోర్స్ అయిన బాజెల్ అనే మరో బిల్డ్ పనిముట్టు పేరు చెబుతారు. రెండూ మంచివే. కానీ మీ డిపెండెన్సీలేమిటో మీకే తెలియకుండా మారితే, పాత అబద్ధాలనే కొత్త భాషలో రాసుకుంటారు. నేను ఒకసారి అలాగే మారబోయి ఏడు వారాలు పోగొట్టుకున్నాను. చివరికి రెండు బిల్డులు పక్కపక్కన మిగిలాయి, ప్రతి మార్పూ రెండుచోట్లా చేయాలి. ఒక్కదాన్ని మోయలేక మొదలుపెట్టి రెంటిని నెత్తికెత్తుకున్నాను.

రెండోసారి పద్ధతిగా చేశాను. పాతదాన్ని చెరిపే తేదీని ముందే అందరికీ చెప్పాను. తర్వాత, ఏ ఫైలు ఏ ఆదేశంతో కంపైల్ అవుతుందో రెండు వైపులా జాబితా తీశాను. సీమేక్ దీన్ని తనే రాసిస్తుంది, ఆప్షన్ పెడితే చాలు. మేక్ వైపు బేర్ అనే పనిముట్టు బిల్డ్‌ను పక్కనుంచి చూసి అదే రూపంలో రాస్తుంది. ఆ రెండు జాబితాలనూ క్రమంలో పెట్టి పోల్చాను. 340 ఫైళ్లలో పదకొండు, పాత బిల్డ్‌లో ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ అవుతున్నాయి. పదింటికి కారణం ఎవరికీ తెలియదు, తీసేస్తే ఏమీ కాలేదు. పదకొండోది తీసేస్తే ఒక లెక్క తప్పు వచ్చింది. పాత కోడ్‌లో సైన్డ్ సంఖ్య (మైనస్ విలువలూ పట్టే రకం) హద్దు దాటుతోంది, ఆప్టిమైజేషన్ ఉంటే కంపైలర్ దాన్ని తనకు నచ్చినట్టు అర్థం చేసుకుంటోంది. జాబితాలు పోల్చకపోతే అది సరాసరి వాడుకరుల చేతికి వెళ్లేది.

సీమేక్‌కు వెళితే రెండు జాగ్రత్తలు. సోర్స్ ఫైళ్ల పేర్లను గ్లాబ్‌తో, అంటే నక్షత్రం గుర్తు లాంటి నమూనాతో, ఏరుకోమనకండి. కొత్త ఫైలు చేర్చినప్పుడు సీమేక్‌కు ఆ సంగతి తెలియదు, లింకర్ మాత్రం ఫలానా ఫంక్షన్ లేదంటుంది. పేర్లు చేత్తో రాయడం విసుగే, అయినా రాయండి. రెండోది, లైబ్రరీని లింక్ చేసేటప్పుడు పబ్లిక్ (మనల్ని వాడేవాళ్లకూ ఆ లైబ్రరీ అందుతుంది), ప్రైవేట్ (మనకు మాత్రమే) అన్న మాటలను ఆలోచించి వాడండి. అన్నీ పబ్లిక్ అని రాసేస్తే పని జరుగుతుంది, ఏడాది తర్వాత ప్రతిదీ ప్రతిదాని మీదా ఆధారపడి కూర్చుంటుంది.

ఇక, వీటన్నిటికీ సమయం ఇమ్మని పైవాళ్లను అడగాలి. "బిల్డ్ బాగాలేదు" అంటే ఎవరూ వినరు. నేను ఆ క్లీన్ చిట్టాను పట్టుకెళ్లాను. నెలకు 61 సార్లు, ఒక్కో పూర్తి బిల్డ్ 26 నిమిషాలు. గుణించి చూపిస్తే ఇరవై ఆరు గంటల పైనే. వారానికి ఒక రోజు ఇచ్చారు. నేను అడిగింది రెండు రోజులు.

చిట్టా ఇప్పటికీ నడుస్తోంది. కిందటి నెలలో మూడే నమోదులు. ఒకటి డిస్క్ నిండిపోయినందుకు. ఒకటి నిజంగానే మరచిపోయిన డిపెండెన్సీ, అదే రోజు దిద్దాను. మూడోదానికి కారణం దగ్గర "అలవాటు" అని ఉంది, చేతిరాత కాకపోయినా అది ఎవరిదో నాకు తెలుసు.